ఉప్పల్ నుంచి నాచారానికి ఎన్ని అడుగులు?

ఉప్పల్ చూసి రావడానికని రైలెక్కిన మనిషి మా తెనాలిలో ఇంతవరకూ నేనొక్కణ్ణే. హైదరాబాదు వెళ్లినవాళ్లు చార్మినారు ముందు నిలబడ్డ ఫోటో తెస్తారు, బిస్కెట్లు తెస్తారు. నేను మూడు రోజులు ఉప్పల్లో, నాచారంలో తిరిగి ఒక నోట్‌బుక్కు నిండా అంకెలు తెచ్చాను. ఎందుకు వెళ్లావని అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

నేను కలప అడితిలో దుంగలు కొలుస్తాను. చదువు పదితో ఆగింది. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, ఆపైన పొడవుతో హెచ్చవేస్తే కలప ఎంతో తేలుతుందని అడితిలోనే నేర్చుకున్నాను. తక్కిన లెక్కలన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. ఆ అలవాటు పుస్తకాల మీదకి పాకింది. అమావాస్య నాడు వెన్నెల కాయించిన నవలా రచయితకి కార్డు రాశాను. ఒక్క పూటలో ఎడ్లబండిని అరవై మైళ్లు తోలించిన కథకుడికి రెండు కార్డులు రాశాను. ఈ సంగతి మా ఊరి మాసపత్రిక సంపాదకుడు శర్మగారికి తెలిసింది. "కార్డులు దండగ సుబ్బారావూ, ఆ తిట్లేవో మా పత్రికలోనే తిట్టు" అన్నారు. అలా ఆరేళ్లుగా సమీక్షకుణ్ణి.

పోయిన నెల నాకిచ్చిన పుస్తకం "నీలం గేటు". తొమ్మిది కథలు. రాసినావిడ పేరు పద్మ. నాచారంలో ఒక మందుల కార్ఖానాలో అట్టపెట్టెలు ప్యాకింగు చేస్తుంది. మొదటి కథలో ఒకామె తెల్లవారుజామున ఉప్పల్లో మెట్రో పిల్లరు కింద బయలుదేరి, అడుగులు లెక్కపెట్టుకుంటూ నాచారంలో కార్ఖానా నీలం గేటు దాకా నడుస్తుంది. పద్నాలుగో పేజీలో ఆమె లెక్క 2,310. ఇరవై రెండో పేజీలో 5,640. రెండూ ఎర్ర పెన్సిలుతో గీసుకుని, ఇలా రాశాను: "ఎనిమిది పేజీల్లో రోడ్డు రెండింతలు దాటి పెరిగింది. రచయిత్రికి తన లెక్కే గుర్తులేదు. తన లెక్కే గుర్తులేని మనిషి పాత్రల బతుకులు ఏం గుర్తుపెట్టుకుంటుంది?"

ఈ ఆఖరి వాక్యం రాసిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

శర్మగారు చదివి, కళ్లజోడు తీసి, "ఆ రోడ్డు నువ్వు నడిచావా?" అన్నారు.

"నడవడమెందుకండీ, అంకెలు పుస్తకంలోనే ఉన్నాయిగా."

"దుంగని చూడకుండా కొలుస్తావా?"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. పుస్తకంతోపాటు పద్మ పంపిన ఉత్తరం. "మంచిగున్నదని రాయొద్దు సార్. ఒక్కరు చదివిన్రని తెలిస్తే చాలు. ఆదివారం ఓటీ డ్యూటీ మానుకుని ఈ కథలు రాసిన. ఇంట్ల అందరు ఓటీకే పొమ్మంటున్నరు. ఎవరు చదవకపోతే నేను గూడ గదే నయమనుకుంటా." ఆ పుస్తకానికి వేరే ఎక్కడా సమీక్ష రాలేదనీ, రాబోయే మొదటిదీ బహుశా చివరిదీ నాదేననీ శర్మగారు చెప్పారు. పత్రిక బుధవారం అచ్చుకి వెళ్తుంది. "మంగళవారం మధ్యాహ్నం దాకా టైముంది. నడిచొచ్చి, ఇదే నిజమని చెప్పు. కామా కూడా మార్చకుండా వేస్తాను" అన్నారు.

పౌరుషం వచ్చింది. టేపు, నోట్‌బుక్కు, ఎర్ర పెన్సిలు, రెండు జతల బట్టలు సర్దుకున్నాను.

శనివారం: ఉప్పల్ రింగు రోడ్డు

రైలు ఘట్‌కేసర్ దాటాక ఎదుటి సీటాయన, హైదరాబాదులో నాకేం పని అని అడిగాడు. "ఒక కథలో దూరం కొలవాలండీ" అన్నాను. ఆయన తన బ్యాగు తీసుకెళ్లి అవతలి సీట్లో కూర్చున్నాడు.

ఉప్పల్లో నాకు మొదట నచ్చింది పిల్లర్లు. మా ఊళ్లో ఇల్లు చెప్పమంటే రావిచెట్టు దగ్గర కుడివైపు తిరిగి, మేడమీద ఎర్ర చీర ఆరేసిన ఇంటి పక్కన అంటారు. చీర తీసేస్తే ఇల్లు దొరకదు. ఇక్కడ మెట్రో స్తంభం ప్రతిదానికీ ఒక అంకె ఉంది, జనం ఆ అంకెలతోనే అడ్రసు చెప్పుకుంటారు. కూరల కొట్టుకీ పిల్లరు నంబరే, పళ్ల డాక్టరుకీ పిల్లరు నంబరే. ఇన్నేళ్లూ పొరపాటున తెనాలిలో పుట్టానేమో అనిపించింది.

ఆ ఆనందం కాలినడక వంతెన మీద ఆవిరైంది. కూడలిలో రోడ్డు దాటడానికి ఆకాశంలో గుండ్రంగా ఒక వంతెన కట్టారు. ఎక్కి నడుస్తూ, పైనుంచి బస్సులు లెక్కపెడుతూ దిగాల్సిన మెట్లు దాటిపోయాను. రెండోసారి ఎక్కిన చోటికే వచ్చాను. మూడో చుట్టులో వేరుశనక్కాయలు తింటున్న ఒకాయన, "అన్నా, వాకింగా? రోజూ వస్తరా?" అన్నాడు. అవునని దిగిపోయాను.

ఇక్కడ అందరూ అన్నే. బస్సు కండక్టరుకి ప్రయాణికుడు అన్న, ప్రయాణికుడికి కండక్టరు అన్న. యాభై నాలుగేళ్లు వచ్చి, తలమీద వెంట్రుకలు వేళ్లమీద లెక్కపెట్టే స్థితిలో ఉన్న నన్ను కాలేజీ కుర్రాళ్లు అన్నా అంటుంటే, గారు లేదన్న లోటు గంటలో మర్చిపోయాను.

కథలో చెప్పిన పిల్లరు పట్టుకున్నాను. టేపు నేలమీద పరిచి పది అడుగులు వేసి చూస్తే నా అడుగు సగటున ఇరవై ఎనిమిది అంగుళాలు. దారి కథలో ఉన్నదే, మలుపులన్నీ రాసుకున్నాను. మొదలుపెట్టాను.

612 దగ్గర ఒక ఆటో పక్కన ఆగింది. "ఏడికన్నా?" నేను చేత్తో వద్దన్నాను. "నాచారమా? పైసలు జూసి ఇయ్యన్నా, ఎండకు వడిపోతవ్." వద్దని తల ఊపాను. "మాట్లాడవేందన్నా, గొంతు ఖరాబైందా? దవాఖానకు తోల్కపోవాల్నా?" నాకు బాగానే ఉంది బాబూ అన్నాను. అన్న తర్వాత చూసుకుంటే 612 తర్వాత ఎన్ని వేశానో లేదు. వెనక్కి పిల్లరు దాకా వచ్చి మళ్లీ మొదలు.

రెండోసారి ఒక మలుపులో చాయ్ బండి దాకా క్షేమంగా వెళ్లాను. నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా: చాయ్ బండి, 1,929. వాసన బాగుందని ఒక చాయ్ తాగాను. పదిహేను రూపాయలు. మా కాఫీతో పోలిస్తే చిక్కదనం ఎక్కువ, గ్లాసు చిన్నది. గుక్క లెక్కన చూస్తే మాదే చౌక. బండాయన నా పెదాలు కదలడం చూశాడు.

"ఏం మంత్రం చదువుతున్నవన్నా?"

"అడుగులు లెక్కపెడుతున్నాను."

"అరే, ఒకామె గూడ గట్లనే వస్తుండె పొద్దుగాల, నోట్లె లెక్కవెట్టుకుంట. ఈడికి రాంగనే ఇంకో ఆమె కలుస్తుండె. ఇగ ఇద్దరు మొదలువెడితె నా స్టౌ చప్పుడు నాకు ఇనిపియ్యకపోతుండె." ఆయన నవ్వి, "ఇప్పుడు ఒక్కతే పోతది" అన్నాడు.

ఆయన మాటల్లో పడి తర్వాతి వంద అడుగులు ఎన్నయ్యాయో మళ్లీ తెలియలేదు. చిరాకేసింది. చాయ్ బండి దగ్గరికే తిరిగొచ్చి, మందుల షాపులో దూది కొని చెవుల్లో పెట్టుకుని, 1,930 నుంచి అందుకున్నాను. దారిలో పలకరించిన ముగ్గురికి నమస్కారం పెట్టి సరిపెట్టాను.

నాచారం దగ్గరపడ్డాక గేటెక్కడ అని అడగాల్సి వచ్చింది. అడిగిన ప్రతివాళ్లూ "ఇగ్గో గీడనే" అన్నారు. ఈ ప్రాంతంలో దూరానికి ఇదే కొలత అని తేలింది. మొదటి గీడనే 140 అడుగులు. రెండోది 390. మూడోదాని మధ్యలో గేటొచ్చింది. నీలం రంగు, కథలో చెప్పినట్టే తలుపు కింద తుప్పు.

మొత్తం 4,710.

అక్కడే గోడకి ఆనుకుని లెక్క చేశాను. నా అడుగు ఇరవై ఎనిమిది అంగుళాలు. ఈ దూరాన్ని 2,310 అడుగుల్లో నడవాలంటే కథలో ఆమె ఒక్కో అడుగూ యాభై ఏడు అంగుళాలు వెయ్యాలి. అది నడక కాదు, లేడి దూకడం. శర్మగారికి అక్కణ్ణించే ఫోను చేసి చెప్పాను. "బాగుంది. రేపు ఆవిడకీ చెప్పు" అన్నారు. ఆదివారం సాయంత్రం నాచారంలో వాళ్ల చదువరుల కూటమి కలుస్తుందనీ, నేను వస్తున్నానని ఆయనే కబురు పంపారనీ అప్పుడు బయటపెట్టారు.

ఆదివారం: నాచారంలో ఒక మేడమీద

సమీక్షకుడు రచయిత ఎదటికి వెళ్లడం మా వైపు ఆచారం కాదు. దూరం నుంచి రాయి విసిరి, నెలరోజులు ఆ వీధికి వెళ్లకుండా ఉండటం మా పద్ధతి. దారిలో మూడుసార్లు ఆగాను.

కూటమి జరిగేది మల్లయ్య ఇంటి మేడమీద. ఆయన నలభై ఏళ్లు లేతు మిషను మీద పనిచేసి దిగిపోయినాయన. పైన రేకుల పందిరి, కింద ప్లాస్టిక్ కుర్చీలు. పదకొండు మంది, అందరూ ఆ చుట్టుపక్కల కార్ఖానాల్లో పనిచేసేవాళ్లే. పద్మ నలభై ఏళ్ల సన్నటి మనిషి; నాకు మంచినీళ్లిచ్చి, తన పుస్తకం నా చేతిలో ఉండటం చూసి, ఎర్ర గీతలు కనబడ్డాయేమో, చూపు తిప్పుకుంది. ఆమె పక్కన లావుపాటి, నవ్వు ముఖం ఆడమనిషి ఒకామె స్టీలు డబ్బా తెరిచి నా ముందు పెట్టింది. సర్వపిండి. మా వైపు దిబ్బరొట్టెకి దూరపు చుట్టం. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకి అద్ది, వేళ్లతో చిల్లులు పొడిచి కాలుస్తారు. నా ముక్కలో చిల్లులు ఏడు.

"సారు చిల్లులు గూడ లెక్కవెడుతుండే!" అని ఆమె పద్మ మోచేతిని పొడిచింది.

నేను గొంతు సవరించుకుని నోట్‌బుక్కు తీశాను. మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి సార్. ఈడ ఒక కాయిదా ఉన్నది."

ఆ కాయిదా, అంటే పద్ధతి, కార్ఖానా నుంచి వచ్చిందట. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడికి మిషను అప్పజెప్పాలి. ముందు మిషను ఎట్లా నడుస్తోందో చెప్పాలి. విన్నవాడు తల ఊపాలి. ఆ తర్వాతే బెల్టు వదులైంది, నూనె కారుతోంది అని తప్పులు చెప్పాలి. "మిషన్ నడక తెల్వకుండ తప్పు జెప్పేటోని మాటకు చెయ్యి వెడితె వేళ్లు పోతయి సార్. కథకు గూడ గంతే. ముందు కథ జెప్పుండ్రి. రాసినామె అవునని తలూపాలె. అప్పుడు మీరు ఎంతన్న తిట్టుండ్రి, ఎవ్వలు అడ్డం రారు."

ఇంతేనా అనుకున్నాను. ఆరేళ్ల సమీక్షకుణ్ణి.

"ఒక స్త్రీ ఉప్పల్ నుంచి నాచారం నడుస్తుంది" అని మొదలుపెట్టాను. "దూరం మొదట రెండువేల మూడువందల పది అని చెబుతుంది. తర్వాత అయిదువేల ఆరువందల నలభై అంటుంది. వాస్తవానికి నేను కొలిస్తే..."

పద్మ తల అడ్డంగా ఊపింది.

"సార్, కథ" అన్నాడు మల్లయ్య.

"అదేనండీ కథ. ఒక కార్మికురాలు, కార్ఖానా, నడక. శ్రమ దోపిడీ..."

పద్మ మళ్లీ అడ్డంగా ఊపింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సర్వపిండి ఆమె, "సారు రోడ్డు జెప్తుండు గని మనిషిని జెప్తలేడు" అంది.

"మూడుసార్లు చదివానండీ" అన్నాను. అది నిజం. మూడుసార్లూ పెన్సిలు పట్టుకునే చదివాను.

"అయితే నాలుగోసారి మాకు చదివి వినిపియ్యుండ్రి" అన్నాడు మల్లయ్య. "గీత గీసిన కాణ్ణించే చదువుండ్రి."

పద్నాలుగో పేజీ తెరిచి పైకి చదివాను. "రెండువేల మూడువందల పది అని లెక్కవెట్టిన." అక్కడ నా ఎర్ర గీత ఆగింది. చదువుతూ పోయాను. "గప్పుడే యాదమ్మ కనవడ్డది. గేటు ఎప్పుడొచ్చిందో తెల్వలే."

ఆగాను.

"నేను కలిసినంక లెక్క ఏడిది సారూ?" అంది సర్వపిండి ఆమె. "అత్త ముచ్చట్లు, బిడ్డ ముచ్చట్లు, సూపర్‌వైజరు ముచ్చట్లు. ఎవలు లెక్కవెడ్తరు?"

యాదమ్మ ఆమేనని అప్పుడు తెలిసింది.

నిన్న ఆటోవాడు మాట్లాడగానే నా 612 పోయింది. చాయ్ బండాయన మాట్లాడగానే ఇంకో వంద పోయింది. రెండుసార్లు అదే నాకు జరిగింది, నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. బండాయన కథంతా నాలుగు మాటల్లో చెప్పాడు కూడా, స్టౌ చప్పుడు వినబడదని. చిరాకుపడ్డాను.

ఇరవై రెండో పేజీ తిప్పి చదివాను. అందులో ఆమె చాయ్ బండి దగ్గర ఆగుతుంది. ఒక చాయ్ తీసుకుంటుంది. అది చల్లారేదాకా రోడ్డు చూస్తుంది. యాదమ్మ రాదు. ఎందుకు రాలేదో కథలో లేదు. "చాయ్ పారబోసిన. మళ్ల నడిచిన. గా దినం లెక్క గేటు దాక వచ్చింది. అయిదువేల ఆరువందల నలభై."

ఆ అంకె కింద నా అక్షరాలతోనే ఎర్రగా "తప్పు" అని ఉంది.

కింద రోడ్డుమీద ఒక లారీ వెనక్కి వస్తూ పీప్ పీప్‌మంటోంది. ముందుగా యాదమ్మే అందుకుంది.

"సూడు సారూ, అందరు నేను సచ్చిపోయిననే అనుకుంటున్నరు! నేను సావలే, షిఫ్టు మారిన, గంతే. పేరన్న మార్చిందా? గదీ లేదు. మా ఆడబిడ్డ చదివి ఫోన్ జేసి ఏడ్చింది."

"నువ్వు సచ్చినవని నేనేడ రాసిన?" అంది పద్మ. అప్పటిదాకా ఆమె నోటివెంట మాట రావడం నేను వినలేదు. "రాలేదని రాసిన. రాలేదా? వచ్చినవా?"

"రెండో షిఫ్టుకు ఏస్తె నేనేం జెయ్యాలె?"

"గందుకే, ఎందుకు రాలేదో రాయలే."

మల్లయ్య నా వైపు తిరిగాడు. "ఇగ చెప్పుండ్రి సార్ కథ."

"ఒక మనిషి ఒంటరిగా ఉన్నంతసేపూ అడుగులు లెక్కపెట్టుకుంటుంది" అన్నాను. "తోడు దొరికిన చోట లెక్క ఆగిపోతుంది. ఒకరోజు లెక్క ఆగదు."

పద్మ తల ఊపింది. ఒక్కసారే, చిన్నగా. నా సమీక్షల్లో దేనికీ అంత మెప్పు రాలేదు.

"అగో, మిషన్ చార్జి తీసుకున్నరు" అన్నాడు మల్లయ్య. "ఇగ తప్పులు జెప్పుండ్రి."

చెప్పడానికి ఇప్పుడు మనసొప్పలేదు. అంతా బాగుందని లేవబోయాను. ఈసారి అడ్డుపడింది పద్మ. "గట్ల లేవద్దు సార్. మంచిగున్నదంటే చదవనట్టే లెక్క. ఈడ అందరు గదే అంటరు."

"మేమెప్పుడన్నం?" అన్నాడు మల్లయ్య.

కూర్చున్నాను. ప్రతి తప్పుకీ ముందు ఆ కథ చెప్పి, ఆమె తల ఊపాక, తప్పు చెప్పాను. అలా చెబుతుంటే నేను తెచ్చిన ముప్పై ఒక్క తప్పుల్లో ఇరవై అయిదు నా నోట్లోనే అరిగిపోయాయి. ఆరు మిగిలాయి. నాలుగో కథలో సూపర్‌వైజరు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా పళ్లు కొరుకుతూనే ఉంటాడు, ఇంటికి వెళ్లి అన్నం తినడా అన్నాను. ఆమె నోట్‌బుక్కు తీసి రాసుకుంది. ఆరో కథ అయిపోయాక రెండు పేరాల ఉపన్యాసం ఉంది, అది ఎందుకన్నాను.

"గది నేను రాయలే సార్. మల్లయ్య మామ రాయమన్నడు."

మల్లయ్య పందిరి రేకుల్లో ఏదో వెతుక్కున్నాడు.

ఎనిమిదో కథలో పదకొండుసార్లు వాన పడిందన్నాను. దానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "గా యేడు గట్లనే వడ్డది సార్. మీరు ఈడ లేకుంటిరి." దాని మీద పావుగంట వాదించుకున్నాం. ఆమె గెలవలేదు, నేనూ గెలవలేదు. నా పుస్తకం గురించి కూడా ఎవరితోనైనా ఇంత గట్టిగా వాదించగలిగితే బాగుండుననిపించింది. నాకు పుస్తకం లేదు, అది వేరే సంగతి.

మెట్లు దిగేటప్పుడు పద్మ నెమ్మదిగా అడిగింది. "రేపు పొద్దుగాల గేటు కాడ ఆదివారం ఓటీకి పేర్లు రాసుకుంటరు సార్. నెల మొత్తానికి. పేరు ఇయ్యాల్నా?"

అది నేను చెప్పవలసిన మాట కాదని తోచింది. "మీరు ఎన్నింటికి బయలుదేరతారు?" అని మాత్రం అడిగాను.

అదే రాత్రి: లాడ్జిలో

సమీక్ష కాగితాలు ముందు వేసుకుని కూర్చుంటే చెయ్యి లెక్కమీదికే పోయింది. చాయ్ బండి దాకా నా అడుగులు 1,929, ఆమెవి 2,310. అంటే ఆమె అడుగు ఇరవై మూడు అంగుళాల చిల్లర. గేటు దాకా నావి 4,710, ఆమెవి 5,640. ఆమె అడుగు మళ్లీ ఇరవై మూడు అంగుళాల చిల్లర. రెండుసార్లూ దశాంశాలతో సహా ఒక్కటే. నేను ముప్పై ఎనిమిదేళ్లుగా దుంగలు కొలుస్తున్నాను, ఇంత శుభ్రంగా కొలిచిన మనిషిని చూడలేదు. ఆమె లెక్క సరైనదనడానికి సాక్ష్యం శనివారం నుంచీ నా నోట్‌బుక్కులోనే పడి ఉంది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా చుట్టుకొలత పద్ధతిలో దుంగలో అయిదో వంతు పైచిలుకు ఎప్పుడూ లెక్కలోకి రాదు. బెరడుకీ, రంపపు పొట్టుకీ అని తెలిసే వదిలేస్తాం. నరికిన చెట్టుకి ఇచ్చే ఆ వదులు, బతికున్న మనిషి రాతకి నేను ఒక్కసారీ ఇవ్వలేదు.

శర్మగారికి ఫోను చేశాను.

"ఎన్ని తప్పులు తేలాయి?"

"ఆరండీ. నాది కలుపుకుంటే ఏడు. నాదే పెద్దది."

"పాతది ఆపెయ్యనా?"

"చింపెయ్యండి. మంగళవారం పొద్దున్నే కొత్తది ఇస్తాను."

"కామా కూడా మార్చనన్నాను కదయ్యా!" అని ఆయన ఫోనులో చాలాసేపు నవ్వారు.

సోమవారం: చాయ్ బండి నుంచి గేటు దాకా

తెలతెలవారుతుండగా చాయ్ బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. బండాయన గుర్తుపట్టి, "అన్నా, ఇయ్యాల చెవుల దూది లేదా?" అని అడిగాడు. రెండు చాయ్‌లు చెప్పాను. ఇక్కడ ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకునే అలవాటుంది గాని, నాకు ఇద్దరికీ చెరొకటి కావాలనిపించింది.

పద్మ మలుపు తిరిగి వచ్చింది. టిఫిను సంచి భుజాన, పెదాలు మెల్లగా కదులుతున్నాయి. నన్ను చూసి ఆగింది. పెదాలూ ఆగాయి.

"గీడికెందుకు వచ్చిన్రు సార్?"

"చాయ్ చల్లారుతుందని" అన్నాను.

నడిచాం. సూపర్‌వైజరు గురించి చెప్పింది. ఆయన ఇంట్లో అన్నం తింటాడట, భార్య భోజనం డబ్బాలో రోజూ చీటీ పెడుతుందట, అది ఆయన అట్టపెట్టెల చాటున నిలబడి చదువుకుంటాడట. "రాయొచ్చుగా మరి" అంటే, "అందరికి తెలిస్తె సిగ్గువడతడు సార్" అంది. కొంతదూరం వెళ్లాక, "పేరు మారిస్తె?" అని తనే అంది. "మార్చండి. యాదమ్మగారికి చేసినట్టు చెయ్యకండి" అన్నాను. గట్టిగా నవ్వింది. నేను మా అడితి చెప్పాను. అమావాస్య వెన్నెల కార్డు సంగతి చెప్పాను. పదకొండు వానల మీద మళ్లీ కాస్త గొడవపడ్డాం.

నీలం గేటు వచ్చేసింది. గేటు దగ్గర బల్ల వేసుకుని ఒకాయన పేర్లు రాస్తున్నాడు. "పద్మక్కా, ఆదివారం రాయాల్నా?" అన్నాడు పెన్ను ఎత్తి.

"వద్దు. ఆదివారం నాకు పనున్నది" అంది.

లోపలికి వెళ్లబోతుంటే అలవాటు చొప్పున అడిగేశాను. "ఇవాళ ఎన్నొచ్చాయండీ?"

"చాయ్ బండి కాడికి రెండువేల మూడువందల పది" అంది. "ఆడ మీరు కలిసిన్రు గద సార్."

సైరను మోగింది. ఆమె వెళ్లిపోయింది.

తిరిగి ఉప్పల్ దాకా ఒక్కణ్ణే నడిచాను. 4,712 వచ్చింది. రెండు అడుగులు ఎక్కువ. చాయ్ బండి దాటాక ఒకసారి ఆగి వెనక్కి చూశాను, అవి అక్కడ కలిసుంటాయి.